ఆఫీస్‌లో వెళ్లే మెయిల్ ఇంటి దగ్గర నుంచి ఎందుకు వెళ్లదు? అవుట్‌బాక్స్‌లోనే ఆగిపోతే ఏం చేయాలంటే..

సంక్రాంతి సెలవులు. హైదరాబాద్‌లోని ఓ చిన్న కంపెనీలో సేల్స్ చూసే ఉద్యోగి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి అమలాపురం దగ్గర సొంతూరికి చేరుకున్నాడనుకుందాం. పండగ పండగే, పని పనే. పుణెలోని కస్టమర్‌కు మన భోగి సెలవు లేదు కదా! సాయంత్రం 5 గంటల్లోగా కొటేషన్ పంపాలి. ఫైల్ రెడీగా ఉంది. ఆఫీస్ ల్యాప్‌టాప్ తెరిచి, ఇంట్లో వైఫైకి కనెక్ట్ చేసి, సెండ్ బటన్ నొక్కాడు. మెయిల్ అవుట్‌బాక్స్‌లోకి వెళ్లి అక్కడే కూర్చుంది. మళ్లీ నొక్కాడు. అదే తీరు.

విచిత్రం ఏంటంటే, అదే ల్యాప్‌టాప్‌కు ఆఫీస్ మెయిల్స్ వస్తూనే ఉన్నాయి. మేనేజర్ నుంచి 'కొటేషన్ పంపావా?' అన్న మెయిల్ కూడా వచ్చేసింది. దానికి 'పంపుతున్నా సార్' అని రిప్లై ఇస్తే అది కూడా వెళ్లిపోయింది. కస్టమర్‌కు మాత్రం వెళ్లడం లేదు. నెట్ బాగానే ఉంది, యూట్యూబ్ ఆగకుండా నడుస్తోంది. పాస్‌వర్డ్ నిన్న ఆఫీస్‌లో పనిచేసిందే. మరి ఎక్కడ తేడా కొట్టింది?

సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్న కంపెనీల్లో, హోస్టింగ్ సంస్థ దగ్గర డొమైన్‌తో పాటు మెయిల్ తీసుకున్న చిన్న ఆఫీసుల్లో ఇది ఎప్పుడూ ఉండే తిప్పలే. లాక్‌డౌన్ రోజుల్లో అందరూ ఒక్కసారిగా ఇంటి నుంచి పని మొదలుపెట్టినప్పుడు చాలామందికి ఎదురైన మొదటి అడ్డంకుల్లో ఇదొకటి. ల్యాప్‌టాప్ పాడైపోలేదు, మెయిల్ సర్వర్ కూడా పడిపోలేదు. సర్వర్ తన పని తాను చేస్తోంది.. అదే అసలు సంగతి!

వచ్చే దారి వేరు.. వెళ్లే దారి వేరు

మెయిల్ ప్రోగ్రామ్‌లో ఇన్‌బాక్స్, సెంట్ ఐటమ్స్ పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి రెండూ ఒకే దారిలో నడుస్తాయని అనుకుంటాం. నిజానికి అవుట్‌లుక్ అయినా, థండర్‌బర్డ్ అయినా వచ్చే మెయిల్స్ కోసం ఒక సర్వర్‌తో, వెళ్లే మెయిల్స్ కోసం ఇంకో సర్వర్‌తో మాట్లాడుతుంది. రెండూ ఒకే మెషీన్‌లో ఉన్నా తలుపులు వేరు. తెచ్చుకునే పనికి ఐమ్యాప్ లేదా పాప్3 అనే పద్ధతి వాడతారు. పంపే పనికి ఎస్‌ఎమ్‌టీపీ అనే పద్ధతి.

తెచ్చుకునేటప్పుడు సర్వర్ ఎప్పుడూ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎవరి డబ్బా వాళ్లే తెరవాలి కాబట్టి అడగక తప్పదు. అందుకే ఆఫీస్‌లో ఉన్నా, అమలాపురంలో ఉన్నా, అమెరికాలో ఉన్నా ఆ పని జరిగిపోతుంది. పంపేటప్పుడు మాత్రం చాలా ఆఫీస్ సర్వర్లు పాస్‌వర్డ్ అడగవు. ల్యాప్‌టాప్ ఏ ఐపీ అడ్రస్ నుంచి వస్తోందో చూస్తాయంతే. ఆఫీస్ నెట్‌వర్క్‌లోని ఐపీ అయితే 'మనోడే' అని తీసుకుంటాయి. బయటి ఐపీ అయితే ఇంకో ప్రశ్న వేస్తాయి.. ఈ మెయిల్ ఎవరికి?

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బయటి మనిషి ఎవరైనా వచ్చి '302 ఫ్లాట్‌కు పార్సిల్' అంటే తీసుకుంటాడు. అదే మనిషి వచ్చి 'ఈ పార్సిల్ మీ అపార్ట్‌మెంట్ పేరు మీద పుణెకు పంపించు' అంటే ఒప్పుకోడు. సర్వర్ లెక్క కూడా అంతే. బయటి నుంచి వచ్చిన మెయిల్ తన డొమైన్‌లోని వాళ్లకైతే పుచ్చుకుంటుంది. ప్రపంచం మొత్తం మీద నుంచి ఆఫీస్‌కు మెయిల్స్ వచ్చేది ఆ తలుపులోంచే. మేనేజర్‌కు రిప్లై వెళ్లిపోవడానికి కారణం ఇదే. కానీ బయటివాడి దగ్గర తీసుకుని మరో బయటివాడికి చేర్చమంటే కుదరదంటుంది. ఈ పనినే 'రిలే' అంటారు. స్క్రీన్ మీద 'రిలేయింగ్ డినైడ్', 'రిలే యాక్సెస్ డినైడ్', 'అనేబుల్ టు రిలే' అని వచ్చే మెసేజ్‌ల అర్థం అదే. అక్కడ సొంతూరికి వెళ్లిన ఉద్యోగి కూడా సర్వర్ కంటికి బయటివాడే!

ఒకప్పుడు తలుపులు బార్లా తెరిచే ఉండేవి

ఎస్‌ఎమ్‌టీపీ పద్ధతిని జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంలో రాసి పెట్టారు. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నది యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు. ఒకరి మెయిల్ ఇంకొకరు అందుకుని ముందుకు పంపడం మర్యాద. పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటే ఆ పత్రంలో లేదు. చెత్త మెయిల్ సమస్య గురించి పోస్టెల్‌కు తెలియక కాదు. 1975 నవంబర్‌లోనే అక్కర్లేని మెయిల్‌ను ఎలా ఆపాలన్న విషయంపై ఆయన ఒక చిన్న పత్రం రాశారు. 1978 మే నెలలో ఓ కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపి అందరితో చీవాట్లు తిన్నాడు. తొలి స్పామ్‌గా ఇప్పటికీ దాన్నే చెబుతుంటారు.

1990ల్లో ఇంటర్నెట్ జనంలోకి వచ్చాక ఆ మర్యాదే కొంప ముంచింది. ఎక్కడో ఉన్న స్పామర్ ఒక్క మెయిల్‌ను వేల అడ్రస్‌లతో ఏదో ఒక కాలేజీ సర్వర్‌కు అంటగడితే, ఆ సర్వర్ పాపం రాత్రంతా కూర్చుని అందరికీ పంచేది. తిట్లు మాత్రం కాలేజీకి పడేవి. దీంతో 1998లో వచ్చిన సెండ్‌మెయిల్ 8.9 వెర్షన్ నుంచి బయటివాళ్ల మెయిల్‌ను రిలే చేయడం మామూలుగా ఆపేసి ఉంచారు. అప్పట్లో ఇంటర్నెట్‌లో ఎక్కువగా వాడే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అదే.

తలుపు మూసేశారు సరే, మరి ఊళ్లు తిరిగే సొంత ఉద్యోగుల సంగతేంటి? అదే ఏడాది డిసెంబర్‌లో ఆర్‌ఎఫ్‌సీ 2476 వచ్చింది. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తలుపు 25వ నంబర్ పోర్ట్. మనుషులు తమ మెయిల్ అప్పగించే తలుపు వేరుగా ఉండాలని, అది 587వ నంబర్ పోర్ట్ అని ఆ పత్రం చెప్పింది. 1999 మార్చిలో ఎస్‌ఎమ్‌టీపీలోనే పాస్‌వర్డ్ అడిగే పద్ధతి వచ్చి చేరింది. అంటే ఈ సమస్యకు మందు పాతికేళ్ల కిందటే తయారైంది. ఆఫీస్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన 25 నంబర్, 'అక్కడ పనిచేస్తోంది కదా' అని ఎవరూ ముట్టుకోక అలాగే ఉండిపోవడమే ఇప్పటి తలనొప్పి.

'ఏం మెసేజ్ వస్తోంది?'.. అసలు కీలకం ఇక్కడే

ఇలాంటప్పుడు ఎవరైనా ముందు ఆఫీస్‌లో కంప్యూటర్లు చూసే ఆయనకు ఫోన్ చేస్తారు. 'అన్నా, మెయిల్ పోవట్లేదు' అంటే ఆయన మొదట అడిగే ప్రశ్న 'ఏం మెసేజ్ వస్తోంది?' అని. 'ఏదో ఇంగ్లిష్‌లో వచ్చింది, క్లోజ్ చేసేశా' అన్న జవాబుతో అక్కడికి సగం దారి మూసుకుపోతుంది. ఆ డబ్బాలో ఉన్న మూడు అంకెలను ఫోన్‌తో ఫొటో తీసి పంపితే పని చాలా తగ్గుతుంది.

అంకె 4తో మొదలైతే ప్రస్తుతానికి కుదరదు, కాసేపాగి ప్రయత్నించమని అర్థం. 5తో మొదలైతే ఎన్నిసార్లు నొక్కినా జవాబు అదే. 550 లేదా 554 వచ్చి పక్కన రిలే అన్న మాట కనిపిస్తే పైన చెప్పిన వాచ్‌మన్ కథే. 530 వస్తే సర్వర్ పాస్‌వర్డ్ అడుగుతోంది కానీ ల్యాప్‌టాప్ ఇవ్వడం లేదు. 535 వస్తే ఇచ్చింది కానీ అది తప్పు.

అసలు అంకే రాకుండా ఒకటి రెండు నిమిషాలు గిర్రున తిరిగి 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అని వస్తే కథ వేరు. అప్పుడు ల్యాప్‌టాప్ మాట సర్వర్ దాకా చేరనే లేదు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ 25వ పోర్ట్‌ను దారిలోనే ఆపేసి ఉండొచ్చు. వైరస్ పట్టిన ఇళ్లలోని కంప్యూటర్లు యజమానికి తెలియకుండా స్పామ్ పంపుతుంటాయి కాబట్టి ఇంటి కనెక్షన్లలో 25ను ఆపేయడం చాలా దేశాల్లో అలవాటుగా మారింది. 587ను మాత్రం ఇలా ఆపకూడదని 2007లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5068 స్పష్టంగా చెప్పింది. కాబట్టి బ్రాడ్‌బ్యాండ్ కస్టమర్ కేర్‌తో గంటసేపు వాదించే బదులు సెట్టింగ్స్‌లో ఒక్క నంబర్ మార్చుకోవడం మేలు.

మరో రకం కూడా ఉంది. 'సర్వర్ కనబడలేదు' అని వెంటనే వచ్చేస్తుంది. చిన్న ఆఫీసుల్లో ఇది ఎక్కువ. సెట్టింగ్స్ తెరిచి చూస్తే పంపే సర్వర్ పేరు దగ్గర 192.168తో మొదలయ్యే నంబరో, ఆఫీస్ లోపల మాత్రమే తెలిసిన ఏదో పొట్టి పేరో ఉంటుంది. 192.168 అనేది ఏ ఇంట్లో అయినా, ఏ ఆఫీస్‌లో అయినా లోపల మాత్రమే వాడుకునే నంబర్ల వరుస. ఇంట్లో కూర్చుని ఆ నంబర్‌ను పిలిస్తే ల్యాప్‌టాప్ దాన్ని ఇంటి రూటర్ చుట్టూనే వెతుకుతుంది. అదృష్టం బాగోకపోతే ఇంట్లో స్మార్ట్ టీవీకి ఆ నంబర్ ఉండొచ్చు! టీవీకి కొటేషన్ పంపితే ఏం లాభం? ఇలాంటప్పుడు బయట నుంచి పిలవడానికి వీలున్న పూర్తి పేరు ఏంటో ఆఫీస్‌లో అడిగి తెలుసుకోవాల్సిందే.

సెట్టింగ్స్‌లో మార్చాల్సింది చాలా తక్కువ

అవుట్‌లుక్ పాత వెర్షన్లలో అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మోర్ సెట్టింగ్స్ నొక్కితే 'అవుట్‌గోయింగ్ సర్వర్' అనే ట్యాబ్ కనిపిస్తుంది. అక్కడ 'మై అవుట్‌గోయింగ్ సర్వర్ రిక్వైర్స్ అథెంటికేషన్' అన్న గడిలో టిక్ పెట్టాలి. దాని కింద, వచ్చే మెయిల్‌కు వాడే యూజర్‌నేమ్, పాస్‌వర్డే దీనికీ వాడమన్న ఆప్షన్ ఉంటుంది. మామూలుగా అది సరిపోతుంది. తర్వాత 'అడ్వాన్స్‌డ్' ట్యాబ్‌లో పంపే సర్వర్ పోర్ట్ 25 అని ఉంటే 587 చేసి, ఎన్‌క్రిప్షన్ దగ్గర స్టార్ట్‌టీఎల్‌ఎస్ లేదా టీఎల్‌ఎస్ ఎంచుకోవాలి. థండర్‌బర్డ్‌లో అయితే అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎడమవైపు అట్టడుగున 'అవుట్‌గోయింగ్ సర్వర్' ఉంటుంది.

కొన్ని హోస్టింగ్ సంస్థలు 465 నంబర్ ఇస్తాయి. అందులో తప్పేం లేదు. 587లో మామూలుగా పలకరింపు మొదలై, ఆ తర్వాత స్టార్ట్‌టీఎల్‌ఎస్ అన్న మాటతో గుప్తంగా మారుతుంది. 465లో మొదటి అక్షరం నుంచే అంతా గుప్తం. 465కు మధ్యలో కొన్నాళ్లు అధికారిక గుర్తింపు పోయింది. 2018 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8314 దాన్ని తిరిగి ఇవ్వడమే కాకుండా ఆ పద్ధతే మేలని చెప్పింది. ఇక్కడ జనం చేసే పొరపాటు ఒకటుంది. 587 పెట్టి ఎన్‌క్రిప్షన్ దగ్గర ఎస్‌ఎస్‌ఎల్ అని, 465 పెట్టి స్టార్ట్‌టీఎల్‌ఎస్ అని తారుమారుగా ఎంచుకుంటారు. 465 పెట్టి స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకున్నప్పుడైతే ఒకరు మాట్లాడటం మొదలుపెట్టాలని మరొకరు ఎదురుచూస్తూ ఇద్దరూ మౌనంగా ఉండిపోతారు. తెర మీద మాత్రం టైమ్ అవుట్.

కంపెనీ మెయిల్ గూగుల్ దగ్గరో, మైక్రోసాఫ్ట్ దగ్గరో ఉంటే ఈ గొడవ చాలావరకు ఉండదు. అక్కడ మొదటి నుంచీ ఎక్కడి నుంచైనా లాగిన్ అయ్యే పద్ధతే కాబట్టి ఆఫీస్ లోపలా, బయటా అన్న తేడా లేదు. అయితే అక్కడ తిప్పలు వేరే. పాత ప్రోగ్రామ్‌లలో వట్టి పాస్‌వర్డ్ కొడితే తీసుకోవడం లేదు. వ్యక్తిగత జీమెయిల్ అకౌంట్లకు 2022 మే 30 నుంచే గూగుల్ ఈ పద్ధతి ఆపేసింది. మైక్రోసాఫ్ట్ కూడా ఎక్స్చేంజ్ ఆన్‌లైన్‌లో 2022 అక్టోబర్ నుంచి పాత తరహా లాగిన్‌లను వరుసగా తొలగిస్తూ వచ్చింది. బ్రౌజర్ కిటికీ తెరిచి లాగిన్ చేయించే కొత్త పద్ధతి ఉన్న వెర్షన్‌కు మారాలి. లేదంటే రెండంచెల భద్రత పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తయారుచేసుకోవాలి. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా 535 వస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

వీపీఎన్ ఉంటే చాలా? ఏ వీపీఎన్?

కంపెనీ ఇచ్చిన వీపీఎన్ ఆన్ చేస్తే ల్యాప్‌టాప్ ఎక్కడ ఉన్నా ఆఫీస్ నెట్‌వర్క్‌లో ఉన్నట్టే లెక్క. సర్వర్‌కు ఆఫీస్ లోపలి ఐపీ కనిపిస్తుంది, 192.168 నంబర్లూ పనిచేస్తాయి, సెట్టింగ్స్ ఏమీ మార్చక్కర్లేదు. ఒక్క మెయిల్ కోసమే కాదు, ఫైల్ సర్వర్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ లాంటివి కూడా కావాలంటే ఇదే దారి.

కానీ చాలామంది పొరబడేది ఇక్కడే. 'వీపీఎన్ ఉండాలట' అని విని ఫోన్‌లో ప్రకటన కనిపించిన ఏదో ఫ్రీ వీపీఎన్ వేసుకుంటారు. అది ఉద్యోగిని ఆఫీస్ లోపలికి తీసుకెళ్లదు. సింగపూర్‌లోనో, నెదర్లాండ్స్‌లోనో ఉన్న ఇంకో పరాయి ఐపీ ఇస్తుంది. ఆఫీస్ సర్వర్‌కు అమలాపురం ఎంతో ఆమ్‌స్టర్‌డామ్ కూడా అంతే, రెండూ బయటే. పైగా మధ్యలో ముక్కూ మొహం తెలియని ఒక కంపెనీ చేతికి ల్యాప్‌టాప్ దారంతా అప్పగించినట్టు అవుతుంది. మన దేశంలో 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల్లో వీపీఎన్ సంస్థలు కస్టమర్ల వివరాలు 5 ఏళ్ల పాటు దాచాలని ఉంది. అది బయట జనానికి వీపీఎన్ అమ్మే సంస్థలకు సంబంధించినది. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌లకు ఇది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. రెండూ వేర్వేరని గుర్తుంచుకోవడానికి ఇదో ఉదాహరణ.

'నా జీమెయిల్ నుంచి పంపేస్తా'.. ఇక్కడే ప్రమాదం

టైమ్ దగ్గర పడుతుంటే ఎవరికైనా తట్టే ఆలోచన ఇదే. సొంత జీమెయిల్ తెరిచి, ఫైల్ జత చేసి, పంపేయడం. మెయిల్ వెళ్తుంది, అందులో సందేహం లేదు. పుణెలో దాన్ని అందుకున్న అకౌంట్స్ విభాగం వాళ్లకు ఏం కనిపిస్తుంది? ఎప్పుడూ కంపెనీ అడ్రస్ నుంచి వచ్చే కొటేషన్ ఈసారి ఎవరిదో జీమెయిల్ నుంచి వచ్చింది. అడుగున బ్యాంక్ అకౌంట్ నంబర్ కూడా ఉంది. మోసగాళ్లు చేసేదీ అచ్చం ఇదే. కంపెనీ పేరుతో, ఉద్యోగి పేరుతో మెయిల్ పంపి, డబ్బు వేరే ఖాతాకు వేయించుకోవడం. ఇలాంటి బిజినెస్ ఈమెయిల్ మోసాలపై అమెరికాలో ఎఫ్‌బీఐకి ఒక్క 2023లోనే 21,489 ఫిర్యాదులు అందాయి. పోయిన సొమ్ము 2.9 బిలియన్ డాలర్లకు పైమాటే. అందుకే జాగ్రత్తగా ఉండే కంపెనీలు సొంత మెయిల్ నుంచి వచ్చే కొటేషన్లను పక్కన పెట్టేస్తాయి. అలా పక్కన పెట్టారని పంపినవాడికి తెలిసేసరికి 5 దాటిపోతుంది.

కొంచెం తెలివైనవాళ్లు ఇంకో పని చేస్తారు. పంపే సర్వర్ దగ్గర వేరే సర్వర్ పేరు పెట్టి, 'ఫ్రమ్' దగ్గర మాత్రం ఆఫీస్ అడ్రసే ఉంచుతారు. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలే ఈ సలహా ఇచ్చేవి.. 'మా ఎస్‌ఎమ్‌టీపీ వాడుకోండి' అని. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ఒక డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏయే సర్వర్లకు ఉందో ఆ డొమైన్ యజమాని బహిరంగంగా రాసిపెడతాడు. దాన్ని ఎస్‌పీఎఫ్ అంటారు. మెయిల్‌పై సర్వర్ వేసే డిజిటల్ సంతకం డీకిమ్. ఈ రెండూ 'ఫ్రమ్' అడ్రస్‌తో సరిపోలకపోతే ఏం చేయాలో చెప్పేది డీమార్క్. జాబితాలో లేని సర్వర్ నుంచి, సంతకం లేకుండా వచ్చిన మెయిల్‌ను ఎదుటివాళ్లు స్పామ్‌లో వేయొచ్చు, మొత్తానికే తిప్పికొట్టొచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నిబంధనలు ఇంకా గట్టిపడ్డాయి. తన యూజర్లకు మెయిల్ పంపే ఎవరికైనా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలని, రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు రెండింటితో పాటు డీమార్క్ కూడా ఉండాలని పెట్టింది. తప్పుడు సర్వర్ నుంచి పంపితే బౌన్స్ రావడం ఒక రకంగా అదృష్టమే. స్పామ్ ఫోల్డర్‌లో పడితే పంపినవాడికి తెలియదు, అందుకోవాల్సినవాడు చూడడు.

బస్టాండ్ వైఫై, హోటల్ వైఫై సంగతేంటి?

హోటల్, రైల్వే స్టేషన్ వైఫైలలో ఫోన్ నంబర్, ఓటీపీ ఇచ్చేదాకా నెట్ పూర్తిగా తెరుచుకోదు. బ్రౌజర్‌లో ఆ పేజీ పూర్తి చేయకుండా మెయిల్ ప్రోగ్రామ్ తెరిస్తే అది ఊరికే గింజుకుంటుంది. ముందు బ్రౌజర్ తెరిచి ఏదో ఒక సైట్‌కు వెళ్లి చూడాలి.

అంతకంటే పెద్ద విషయం పాస్‌వర్డ్. ఎన్‌క్రిప్షన్ లేకుండా ఎస్‌ఎమ్‌టీపీలో పాస్‌వర్డ్ పంపితే అది బేస్64 అనే రూపంలో వెళ్తుంది. చూడటానికి పిచ్చి అక్షరాల్లా ఉంటుంది కానీ అది తాళం కాదు, వట్టి లిపి మార్పు. అదే వైఫైలో కూర్చుని దారి కాసేవాడు క్షణంలో విప్పేస్తాడు. అందుకే పాస్‌వర్డ్ ఆప్షన్‌లో టిక్ పెట్టి, ఎన్‌క్రిప్షన్ దగ్గర 'నన్' అని వదిలేయడం అన్నింటికంటే చెడ్డ సెట్టింగ్. 'దొరికితే వాడు' తరహా ఆప్షన్లు కూడా వద్దు. మధ్యలో ఉన్నవాడు 'దొరకదు' అని చెప్పించగలడు. సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే 'ఓకే' నొక్కే ముందు ల్యాప్‌టాప్‌లో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. అవి తప్పుగా ఉన్నా ఈ హెచ్చరిక వస్తుంది. సరిగ్గానే ఉండి, ఇంట్లో రాని హెచ్చరిక హోటల్‌లో మాత్రమే వస్తే ఆ వైఫైని వదిలేసి ఫోన్ హాట్‌స్పాట్‌కు మారడం ఉత్తమం.

హాట్‌స్పాట్ మరో రకంగానూ పనికొస్తుంది. ఇంటి వైఫైలో పోని మెయిల్ ఫోన్ హాట్‌స్పాట్‌లో పోయిందంటే తప్పు ఇంటి కనెక్షన్‌దని తేలిపోతుంది. రెండింట్లోనూ పోకపోతే సెట్టింగ్స్ చూడాలి. ఊళ్లలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నప్పుడు అటాచ్‌మెంట్ బరువు కూడా గమనించాలి. మెయిల్‌లో జత చేసిన ఫైల్ ప్రయాణంలో దాదాపు మూడో వంతు బరువు పెరుగుతుంది. 18 ఎంబీ ఫైల్ దారిలో 24 ఎంబీ అవుతుందన్నమాట. చాలా సర్వర్లు అంతకంటే తక్కువకే పరిమితి పెడతాయి.

ఐటీ వాళ్లు చేసే పొరపాటు

పండగ రోజు నలుగురు ఫోన్ చేసి విసిగిస్తే కొందరు అడ్మిన్లు 'సరే, అందరికీ తెరిచేస్తా' అని రిలే గేటు బార్లా తీసేస్తుంటారు. సమస్య అప్పటికి తీరుతుంది. కానీ ఇలా తెరిచి ఉన్న సర్వర్ల కోసం ఇంటర్నెట్‌లో స్పామర్ల ప్రోగ్రామ్‌లు నిరంతరం గాలిస్తుంటాయి. ఒకసారి దొరికితే ఆఫీస్ ఐపీ స్పామ్‌హాస్ లాంటి బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కుతుంది. అప్పుడు ఊరికి వెళ్లినవాడిదే కాదు, ఆఫీస్‌లో కూర్చున్నవాళ్ల మెయిల్స్ కూడా బయటికి పోవు. జాబితా నుంచి పేరు తీయించుకోవడానికి పట్టే రోజులతో పోలిస్తే 587 తెరిచి పాస్‌వర్డ్ తప్పనిసరి చేయడం గంట పని.

ఉద్యోగి ఇంటి ఐపీని 'మనోళ్ల' జాబితాలో కలిపేయడం కూడా అంతే. మొబైల్ నెట్‌వర్క్‌లలో, చాలా బ్రాడ్‌బ్యాండ్‌లలో ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో కస్టమర్లు పంచుకుంటారు. ఒకరికి తలుపు తీస్తే వీధిలో అందరికీ తీసినట్టే.

మరో తప్పు మరింత విచిత్రంగా ఉంటుంది. 587 తెరుస్తారు, పాస్‌వర్డ్ పెడతారు, కానీ బ్లాక్‌లిస్ట్ తనిఖీని ఆ తలుపు దగ్గర కూడా వదిలేస్తారు. ఇంటి కనెక్షన్ల ఐపీలు నేరుగా సర్వర్లకు మెయిల్ పంపకూడదన్న ఉద్దేశంతో అలాంటి ఐపీలన్నింటినీ ఒక జాబితాలో పెట్టి ఉంచుతారు. అందులో ఇల్లు ఉండటం నేరమేమీ కాదు. పాస్‌వర్డ్ ఇచ్చిన ఉద్యోగిని ఆ జాబితా చూసి వెనక్కి పంపడమే తప్పు.

5 గంటలకు ఇంకా 20 నిమిషాలే ఉంటే?

సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టే సమయం కాదు. ఆఫీస్ మెయిల్‌కు వెబ్‌మెయిల్ ఉందేమో చూడాలి. సొంత సర్వర్లు, హోస్టింగ్ మెయిల్స్ చాలావాటికి బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీ ఉంటుంది. అక్కడి నుంచి పంపితే మెయిల్ సర్వర్ లోపలే పుట్టినట్టు కాబట్టి రిలే గొడవ ఉండదు, 25వ పోర్ట్‌తో పనిలేదు, ఎస్‌పీఎఫ్ కూడా సరిపోతుంది. లింక్ తెలియకపోతే ఆఫీస్‌లో అడగాలి కానీ గూగుల్‌లో వెతికి కనిపించిన లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ కొట్టకూడదు.

అదీ లేకపోతే, ఇందాక మేనేజర్‌కు మెయిల్ వెళ్లిన సంగతి గుర్తు చేసుకోవాలి. కొటేషన్‌ను ఆఫీస్‌లో ఉన్న సహోద్యోగికి పంపి, అక్కడి నుంచి కస్టమర్‌కు పంపించమని ఫోన్‌లో చెప్పొచ్చు. బయటి నుంచి లోపలికి ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ల్యాప్‌టాప్ నుంచి అదీ పోకపోతే ఫైల్‌ను సొంత జీమెయిల్ నుంచి ఆ సహోద్యోగికే పంపాలి, కస్టమర్‌కు కాదు. ఆఫీస్‌లో ఎవరూ లేరు, సొంత మెయిల్ తప్ప గత్యంతరం లేదంటే కస్టమర్‌కు ముందే ఫోన్ చేసి చెప్పి, ఆఫీస్ అడ్రస్‌ను సీసీలో పెట్టి, బ్యాంక్ వివరాలు లేకుండా పంపాలి. పంపేముందు కంపెనీ నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో మేనేజర్‌ను అడగడం మర్చిపోవద్దు. ప్రభుత్వ కార్యాలయాల్లో అయితే ఈ దారి ఆలోచించకపోవడమే మంచిది.

ఇక అవుట్‌బాక్స్‌లో ఆగిన ఆ పాత మెయిల్ సంగతి. చాలామంది దాన్ని అలాగే వదిలేసి ల్యాప్‌టాప్ మూసేస్తారు. కనుమ అయిపోయి, ఆఫీస్‌కు తిరిగొచ్చి, లోపలి నెట్‌వర్క్‌కు కనెక్ట్ అవ్వగానే అది ఎవరూ ఏమీ నొక్కకుండానే వెళ్లిపోతుంది. ఈలోగా ఫోన్‌లో బేరమాడి రేటు తగ్గించి ఉంటే, కస్టమర్‌కు నాలుగు రోజుల తర్వాత పాత రేటుతో రెండో కొటేషన్ అందుతుంది. వెబ్‌మెయిల్ నుంచి పంపిన వెంటనే అవుట్‌బాక్స్‌లోని కాపీలన్నీ డిలీట్ చేయాలి. సెండ్ ఎన్నిసార్లు నొక్కితే అన్ని కాపీలు అక్కడ ఉండే అవకాశం ఉంది.